కౌంటు కలపని పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు వాట్సాప్‌లో వచ్చినప్పుడు నేను డ్రయ్యర్ జాలీకి అంటుకున్న నూగు తీస్తున్నాను. ఇంకెవరి కబురైనా వంటింట్లో ఉన్నప్పుడో కారులో ఉన్నప్పుడో వచ్చేది. ఈవిడది మాత్రం సరిగ్గా అక్కడే వచ్చింది. ఆ బూడిదరంగు పీచు ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని చెత్తబుట్టలో వెయ్యబుద్ధి కాలేదు. ఆవిడ ఉంటే దాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుని, వేళ్ళతో విడదీసి, మా ఇంట్లో ఎవరి బట్టలు ఎన్నాళ్ళు బతుకుతాయో చెప్పేసేది.

మాటవరసకి అనడం లేదు. మొదటిసారి మా ఇంటికి వచ్చినరోజే ఆవిడ ఆ పని చేసింది. కాఫీ తాగి, ఇల్లంతా చూపించమంటే చూపించాను. మా గ్రానైట్ గట్టు చూడలేదు, అంతమంది మెచ్చుకునే మా కిటికీలు చూడలేదు. బట్టల మెషీన్ల గదిలో ఆగి, డ్రయ్యర్ జాలీ బయటికి లాగి, "ఇది పొట్టి పింజ దూది పాపా. నీ మొగుని టీషర్టులేనా? ఇంక ఆరు ఉతుకులు. ఆపైన సంకలకాడ పోతాయి" అంది. నాకు యాభై దాటాయి. నన్ను పాపా అన్నది అమెరికాలో ఆవిడొక్కతే. టీషర్టులు ఎనిమిదో ఉతుక్కి పోయాయి. ఆ రెండు ఉతుకుల తేడా గురించి నేను ఆవిడని చాలాకాలం ఏడిపించాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. మా వీధి చివర ఇంట్లో ఉండే, ఇక్కడి మందుల కంపెనీలో పనిచేసే అబ్బాయికి తల్లి. ఆదోని నుంచి వచ్చి ఒక్క చలికాలం, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, ఇక్కడ ఉంది. మాది బోస్టన్‌కి గంటన్నర దూరంలో ఏటి ఒడ్డున ఉన్న చిన్న ఊరు. తెలుగువాళ్ళం ఏడు కుటుంబాలం. అందరం ఆవిడని పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళం.

ఆదోనిలో ఒక నూలుమిల్లులో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. చిన్న చిన్న కండెల మీది నూలుని పెద్ద కోన్లకి చుట్టే చోట, వైండింగ్‌లో. కొడుకు మాత్రం ఎవరైనా అడిగితే "అమ్మ టెక్స్‌టైల్ ఫీల్డ్‌లో చేసింది" అనేవాడు. అతను మంచివాడే. కాకపోతే పార్టీల్లో ఒకరి తల్లి హెడ్మిస్ట్రెస్, ఇంకొకరి తల్లి డాక్టర్. మధ్యలో ఈ మాట గట్టిగా ఉంటుందనుకున్నాడు.

పెద్దమ్మకి మనిషి ఎదురైతే చెయ్యి ఊరుకోదు. ముఖం కంటే ముందు వాళ్ళ చొక్కా చెయ్యి పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడ్డని నలిపి, ఒక నంబరు చెబుతుంది. నూలు ఎంత సన్నమైతే అంత పెద్ద నంబరు. దాన్ని మిల్లువాళ్ళు కౌంటు అంటారు. ముతక దుప్పటి పది, మంచి పంచె ఎనభై. కిరాణా షాపులో క్యూలో ముందు నిలబడ్డ ఆరడుగుల మనిషి చొక్కా కూడా అట్లాగే పట్టుకుంది. అతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. నేను సారీలు చెప్పేలోపు ఈవిడ "నలభై. బాగుండాది" అని తల ఊపింది. అతనికి ఏమర్థమయిందో గాని థాంక్యూ అన్నాడు. ఉత్తరాలు తెచ్చే ఆమెకైతే ఇది అలవాటైపోయింది. పెద్దమ్మ గుమ్మంలో కనిపిస్తే తనే చెయ్యి చాపి, "ఈరోజు ఎంత నంబరు?" అని ఇంగ్లీషులో అడిగేది. "ట్వెంటీ" అని ఈవిడ ఇంగ్లీషులోనే చెప్పేది. ఎప్పుడూ ఇరవయ్యే. యూనిఫారం మారదుగా.

ఇంకొక అలవాటు ఉంది. మిల్లులో మిషన్ల హోరుకి మనిషి మాట మనిషికి వినపడదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు పెదాలు చూసి మాట పట్టుకుంటారు. పెద్దమ్మ రిటైరయి పదేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళలోకి చూడదు, మూతి వంక చూస్తుంది. టీవీ పెట్టుకుంటే సౌండు తీసేస్తుంది. తెలుగు సీరియల్ సరే, ఇక్కడి న్యూస్ కూడా అట్లాగే చూసేది. నంబర్లు తప్ప ఒక్క ముక్క ఇంగ్లీషు రాదు. "వీడు జెప్పేది వీనికే నమ్మకం ల్యా, సూడు మూతి" అనేది. నిజం చెప్పొద్దూ, చాలాసార్లు నాకూ అట్లాగే అనిపించింది.

అన్నిటికంటే ఎక్కువగా ఆవిడ నోట విన్న మాట "కౌంటు కలపగూడదు." మిల్లులో ఒక్కో కౌంటు నూలు చుట్టడానికి ఒక్కో రంగు గొట్టం. ఎర్ర గొట్టాల బుట్టలో పచ్చది ఒక్కటి పడినా అప్పుడు ఎవరికీ తెలియదు. నూలు నూలులాగే ఉంటుంది. నేతకి పోయాక, తానంతా తయారయ్యాక, మధ్యలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక చార తేలుతుంది. ఇక దానికి మందు లేదు. ఈ సూత్రాన్ని పెద్దమ్మ అన్నిటికీ వాడేది. నేను చారుపొడి అయిపోయిందని సాంబారుపొడి వేస్తే కౌంటు కలపడం. బియ్యం డబ్బాలో కొత్త బియ్యం పాతవాటి మీద పొయ్యడం కౌంటు కలపడం. ఒకసారి ఎదురింటివాళ్ళు విడిపోతున్నారట అని నేను ఉత్సాహంగా చెప్పబోతే ఆవిడ నా మూతి వంక చూస్తూ, "నువ్వు సూసిందెంత, ఇన్నదెంత, అనుకున్నదెంత? యాడికాడికి ఇడదీసి చెప్పు పాపా. కౌంటు కలపొద్దు" అంది. విడదీస్తే చూసింది ఏమీ మిగల్లేదు. ఎదురింటివాళ్ళు ఇప్పటికీ కలిసే ఉన్నారు.

ఇక ఆ ఫోటో సంగతి.

పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయాక ఇంట్లో అరవడానికి ఎవరూ లేక, నేను శనివారాలు ఊరి లైబ్రరీలో వాలంటీర్‌గా చేరాను. మేడ మీద ఒక గదిలో పాత ఊరికి సంబంధించిన కాగితాలు, ఫోటోలు, పటాలు ఉంటాయి. ఆ గదికి పెద్ద ఒక పొడుగాటి అమెరికన్ ఆవిడ. డెబ్బయ్యేళ్ళుంటాయి. నేను ఇంట్లో లైబ్రేరియనమ్మ అనేదాన్ని. ఆమె ప్రాణం ఆ గదిలోని ఒక ఫోటో మీద ఉండేది.

పందొమ్మిదో శతాబ్దపు ఫోటో. గట్టి అట్టకి అంటించిన, టీ మరకల రంగుకి తిరిగిన కాగితం. చలికాలంలో ఒక చిన్న మిల్లు ఊరు. ముందు గడ్డకట్టిన ఏరు, దాని మీద చెక్క వంతెన, ఒక చర్చి, ఒకే మూసలో పోసినట్టు వరసగా చిన్న ఇళ్ళు, ఇళ్ళ వెనక పొడుగాటి ఇటుకల మిల్లు. కప్పుల మీద మంచు, పొగగొట్టం మీద పొగ. గేటు దగ్గర నల్లగా చీమల్లాగా పదిమంది మనుషులు, ఒక కుక్క. కుక్క కదిలినట్టుంది, దానికి రెండు తలలు వచ్చాయి. వెనక రాత లేదు, పేరు లేదు.

గొడవ ఏమిటంటే, అది ఏ ఊరో ఎవరికీ తెలియదు. మా ఊళ్ళో ఒకప్పుడు దూది మిల్లు ఉండేది. అది తగలబడిపోయింది. దాని బొమ్మ ఒక్కటి కూడా మిగల్లేదు. ఏటి వెంట ఇంకా కిందికి వెళితే ఇంకొక ఊరుంది. వాళ్ళది కాగితం మిల్లు. వాళ్ళు కొత్తగా మ్యూజియం కట్టుకుని, ఆ ఫోటో మా ఊరిదే, ఇచ్చెయ్యండని ఉత్తరాలు రాస్తున్నారు. మీది అని మీరు రుజువు చూపిస్తే మీ దగ్గరే ఉంచుకోండి, లేకపోతే ఏప్రిల్‌లో మాకు పంపండి అన్నారు. రెండు ఊళ్ళవాళ్ళూ ఒప్పుకున్నారు. లైబ్రేరియనమ్మ అది మా మిల్లే అని ముప్ఫై ఏళ్ళుగా నమ్ముతోంది. చూపించడానికి మాత్రం ఆమె దగ్గర ఏమీ లేదు. అంటే, ఆ మిల్లు దూది మిల్లు అని ఎవరైనా చూపించగలిగితే ఫోటో మాది. లేకపోతే పోయినట్టే.

డిసెంబరులో ఒక శనివారం, కొడుకూ కోడలూ ఏదో పని మీద వెళ్ళారని, పెద్దమ్మని నాతోపాటు లైబ్రరీకి తీసుకువెళ్ళాను. కొడుకు జాకెట్టు, నూలుచీర, మనవరాలి పింక్ టోపీ. మేడ ఎక్కగానే అలవాటు ప్రకారం లైబ్రేరియనమ్మ స్వెట్టర్ పట్టుకుంది. "ఇది నూలు గాదు, ఉన్ని. ఉన్ని నాకు తెల్దు" అని మర్యాదగా వదిలేసింది. తరవాత బల్ల మీది ఫోటో మీదికి వంగింది. చాలాసేపు అట్లాగే ఉంది. నేను కాగితాలు సర్దుకుంటున్నాను.

"పాపా, ఇట్రా. ఇది మంచు గాదు" అంది.

"ఏది పెద్దమ్మా? చుట్టూ మంచేగా?"

"కప్పుల మీద మంచే. ఈ చెట్లు సూడు. ఏ చెట్టు మీదైనా తెలుపుండాదా? అన్నీ మోడులే. గాలికి రాలిపోయినట్లుంది. ఈ మిల్లు గోడకాడ పొదలు మాత్రం సూడు, ఎట్ల తెల్లగా ఉబ్బినాయో. పైన గోడకి బొక్క ఉండాది. లోపలి గాలి ఆడ్నుంచి బయటికి కొడ్తాది. ఇది మంచు గాదు. దూది."

నాకు నవ్వొచ్చింది. న్యూ ఇంగ్లండు మంచుని దూది అనగలిగింది భూమి మీద ఆవిడొక్కతే అనుకున్నాను. ఆవిడ మాత్రం నవ్వలేదు. తమ మిల్లు వెనక గాలి బయటికి కొట్టే బొక్క కింద ఒక వేపచెట్టు ఉండేదట. పన్నెండు నెలలూ తెల్లగానే ఉండేదట. ఆ దూదితో కాకులు మెత్తటి గూళ్ళు కట్టుకునేవట. "కాకులు గూడ సుఖం మరిగినాయి మా ఆదోనిలో" అంది.

నేను ఈ మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పాను. లైబ్రేరియనమ్మ భూతద్దం తెచ్చింది. దీపం దగ్గరికి లాగింది. చూసి, పెద్దమ్మ వంక చూసి, మళ్ళీ చూసింది. "ముప్ఫై ఏళ్ళు దీన్ని చూశాను. మిల్లు తెలిసిన మనిషి ఎవరూ దీన్ని చూడలేదు" అంది.

ఇక చూసుకోండి మా పెద్దమ్మ వైభోగం. కింది ఊరికి ఉత్తరం వెళ్ళింది, దూది మిల్లులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన నిపుణురాలు పరిశీలించిందని. ఆ ఇంగ్లీషు ఉత్తరం రాసింది నేనే. కాస్త మసాలా దట్టించే రాశాను. ఏప్రిల్‌లో ఫోటోని మా లైబ్రరీ కింది హాల్లో పెద్దదిగా పెట్టాలని నిర్ణయమయింది. శనివారాలు పెద్దమ్మకి ఫోటో పక్కనే కుర్చీ, ఒక డోనట్, కాఫీ. ఊరి పిల్లలు వచ్చి పొదల్ని చూపించమనేవాళ్ళు. ఆవిడ వేలు పెట్టి చూపించి, "కాటన్" అనేది. డోనట్ సగం తిని సగం కాగితంలో చుట్టుకుని మనవరాలికి తీసుకుపోయేది. కొడుకు కూడా ఒక శనివారం వచ్చి దూరంగా నిలబడి చూసి వెళ్ళాడు. ఆరోజు సాయంత్రం ఫోన్ చేసి, "అక్కా, అమ్మకి ఇట్ల ఒకళ్ళు కుర్చీ వేసి అడగడం నేను లైఫ్‌లో చూడలేదు" అన్నాడు. ఆ మాట నాకు చాలా సంతోషమనిపించింది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున తొమ్మిదింటికి పెద్దమ్మ ఫోన్ చేసింది. "పాపా, రా" అని పెట్టేసింది. నేను పైజమా మీదే బూట్లు వేసుకుని పరిగెత్తాను. ఆ ఉదయం చలి ఎముకలు కొరికేట్టుంది. ఆవిడ ఇంటి పక్క సందులో, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, మంచులో నిలబడి ఉంది. లోపల డ్రయ్యర్ తిరుగుతోంది. దాని గాలి బయటికి వచ్చే గొట్టం గోడలోంచి ఆవిరి కక్కుతోంది. గొట్టం కింద ఒక పొద. ఆ సందులో మిగతా పొదలన్నీ మోడుగా ఉన్నాయి. అదొక్కటే తెల్లగా, బొద్దుగా, ఫోటోలో ఉన్నట్టే ఉంది.

"పట్టుకో" అంది.

ఒక రెమ్మ విరిచాను. చూడటానికి అచ్చం దూదే. చేతిలోకి తీసుకునేసరికి చురుక్కుమంది. కాసేపటికి అరచేతిలో నీళ్ళు మిగిలాయి.

"నేనూ దూదే అనుకుంటి. కొడుకు జాలీ సరిగా పెట్టలేదేమో, నూగంతా బయటికి కొడ్తాందని తీద్దామని వస్తి. చేతిలో కరిగిపాయ" అంది. "లోపల ఎచ్చటి ఆవిరి, బయట చలి. పొదకి పట్టుకుని గడ్డ కడ్తాది. మా ఆదోనిలో ఈ చలి యాడిది? నాకెట్ల తెలుస్తాది?"

నాకు అప్పుడు విషయం అర్థమయింది. కాగితం మిల్లులో ఆవిరికి కరువేముంది? ఆ పొదలు కింది ఊరి మిల్లువీ కావచ్చు.

"అయినా పెద్దమ్మా, ఫోటోలోది దూదే అయ్యుండొచ్చుగా? కాదని ఎవరు చెప్పగలరు?" అన్నాను.

"అయ్యుండొచ్చు. కాకపోనూ వచ్చు. నేను తెలుసని చెప్తి గదా? అనుకుంటాండా అని చెప్పలే. పా, పోయి చెప్దాం."

కొడుకు హెడ్‌సెట్టు మెడలో వేసుకుని బయటికి వచ్చాడు. సంగతి విని, "అమ్మా, ఇట్స్ ఓకే. ఎవరూ చెక్ చెయ్యరు. వాళ్ళంతా హ్యాపీగా ఉన్నారు. ఇప్పుడు పోయి చెప్తే నీకే ఎంబరాసింగ్" అన్నాడు. నేనూ అతని పక్షమే. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఇంకో రెండు నెలల్లో వెళ్ళిపోతావు, ఆ ఫోటో ఇక్కడుంటే ఎవరికేం నష్టం అని కూడా అన్నాను. ఆవిడ మా ఇద్దరి మూతులూ చూసింది.

"తెలీక చెప్పింది తప్పు. అది అయిపాయ. తెలిసినాక గమ్మునుంటే కౌంటు కలిపినట్లు. ఈ ఊరి గోడకి చార పడ్తాది, నా పేరుతో" అంది. ఆపైన మనవరాలి టోపీ తలకి లాక్కుని నా కారు దగ్గరికి నడిచింది.

దారి పొడుగునా ఆవిడ టోపీ సర్దుకుంటూ రోడ్డు వంక చూస్తోంది. నాకు మాత్రం ఆ కుర్చీ, డోనట్టు, "కాటన్" అని చెప్పేటప్పటి ఆవిడ ముఖం కళ్ళముందు తిరుగుతున్నాయి. ఒకళ్ళు అడిగి కూర్చోబెట్టిన చోటు అది. తనంతట తనే లేవడానికి వెళుతోంది.

లైబ్రేరియనమ్మ మమ్మల్ని వారం మధ్యలో చూసి ఆశ్చర్యపోయింది. పెద్దమ్మ నిలబడే మొత్తం చెప్పింది. గొట్టం, పొద, చేతిలో నీళ్ళు, ఆదోనిలో లేని చలి, కాగితం మిల్లు ఆవిరి. నన్ను చెప్పమంది. నేను ఇంగ్లీషులో చెప్పాను: "ఈవిడకి ఒక చిన్న సందేహం వచ్చిందట. అది మంచు అయ్యే అవకాశం కూడా కొద్దిగా ఉందంటున్నారు."

పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "నేను చెప్పినంత నువ్వు చెప్పలే. నీ మూతి రెండు నిమిషాలు ఆడాల్సింది, ఇంతలోనే ఆగిపాయ. అంతా చెప్పు పాపా."

ఇంగ్లీషు రాని మనిషికి దొరికిపోయాను. మొదటినుంచి మళ్ళీ చెప్పాను. ఈసారి అంతా చెప్పాను. నేను ఉత్తరంలో దట్టించిన మసాలా గురించి కూడా చెప్పాను. లైబ్రేరియనమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఫోటో వంక చూసింది. "చెప్పినందుకు థాంక్స్" అని ఒక్క మాట అని, వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మేం మెట్లు దిగి వచ్చేశాం.

ఆ తరవాత పెద్దమ్మ శనివారాలు రాలేదు. నేను పిలిస్తే, "ఆమెకి నా ముఖం ఎట్ల సూపిచ్చేది? ముప్పై ఏండ్ల ఆశ, నేను పెంచితి, నేనే తుంచితి" అనేది. నేను ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని. లైబ్రేరియనమ్మ పని మాటలు తప్ప ఇంకేం మాట్లాడేది కాదు. కింది ఊరికి ఇంకొక ఉత్తరం వెళ్ళింది, మా దగ్గర రుజువు లేదని. దాన్ని ఆమె నాకు ఇవ్వలేదు, తనే రాసుకుంది. కుర్చీ మాత్రం ఫోటో పక్కనే ఉంది. నాకు దానివంక చూడాలంటే బాధగా ఉండేది. ఈవిడ చెప్పకుండా ఉండాల్సింది అని రెండు మూడుసార్లు మనసులో అనుకున్నాను కూడా.

ఏప్రిల్ మొదట్లో, పెద్దమ్మ ప్రయాణానికి వారం ముందు, లైబ్రేరియనమ్మ నాకు ఫోన్ చేసింది. "ఈరోజు ఫోటో వెళుతోంది. ఆమెని తీసుకురా." ఎందుకని అడిగే ధైర్యం చాలలేదు. పెద్దమ్మ ఈసారి సూట్‌కేసులోంచి ప్రయాణానికని దాచుకున్న మంచి చీర తీసి కట్టుకుంది. తిడితే తిట్టనీ, శుభ్రంగా నిలబడి తిట్టించుకుంటాను అంది.

ఫోటో అప్పటికే అట్టపెట్టెలో ఉంది. చుట్టూ గుడ్డ. పెద్దమ్మ చెయ్యి ఆగలేదు. గుడ్డ అంచు పట్టుకుని, "ఇరవై. చాల్లే, దగ్గరే గదా పొయ్యేది" అంది. లైబ్రేరియనమ్మ బల్ల మీద ఒక పెద్ద తోలు బైండు పుస్తకం తెరిచింది. ఆ గదిలోంచి ఏ వస్తువు బయటికి వెళ్ళినా అందులో రాస్తారు. వస్తువు ఏది, ఎక్కడికి, పరిశీలించింది ఎవరు, వాళ్ళ పని ఏమిటి, వాళ్ళేమన్నారు. కొన్ని పేజీలు వెనక్కి తిప్పి చూపించింది. ప్రొఫెసర్లు, ఇంజనీర్లు, పాత ఇళ్ళ నిపుణులు, ఒక ఫాదరు.

"ఈ గదికి 'ఇది మాది' అని చెప్పడానికి చాలామంది వచ్చారు" అంది నాతో. "తన మాట తప్పయి ఉండొచ్చని చెప్పడానికి మంచులో వచ్చింది ఈమె ఒక్కతే. నాకు కోపం రాలేదని చెప్పను. వచ్చింది. చాలారోజులు ఉంది. ఇప్పుడు లేదు. ఈమె సంతకం లేకుండా ఇది గుమ్మం దాటదు."

నేను ఇంతకుముందు జరిగినదానికి బుద్ధి తెచ్చుకుని, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. కోపం సంగతీ చెప్పాను. పెద్దమ్మ నా మూతి చూడలేదు. లైబ్రేరియనమ్మ ముఖమే చూస్తూ వింది.

"తప్పు చెప్పినదాని పేరెందుకు?" అంది చివరికి, చిన్నగా.

అదీ ఇంగ్లీషులో చెప్పాను. లైబ్రేరియనమ్మ పెన్ను మూత తీసి నాకిచ్చింది. పేరు పక్కన పని గడి నన్ను నింపమంది. నేను కొడుకు చెప్పే మాటనే, టెక్స్‌టైల్ ఫీల్డ్, రిటైర్డ్ అని రాయబోయాను.

"ఏం రాస్తాండావు?" అంది పెద్దమ్మ. చెప్పాను.

"అదెవురి పనో నాకు తెల్దు. మిల్లు పని అని రాయి పాపా. వైండింగ్. నేను చేసింది అదే."

అట్లాగే రాశాను. అన్న మాట గడిలో ఏం రాయాలి అని అడిగితే, "సూడనీకి దూది. తెల్దు" అంది. అదీ రాశాను. ఆ పుస్తకంలో అంత చిన్న అభిప్రాయం ఇంకెవరిదీ లేదు. తరవాత ఆవిడ పెన్ను తీసుకుని, కుర్చీలో కూర్చుని, పుస్తకం దగ్గరికి జరుపుకుని, తెలుగులో తన పూర్తిపేరు, ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. లైబ్రేరియనమ్మ పక్కనే నిలబడి, అర్థం కాకపోయినా, చివరి అక్షరం దాకా చూసింది.

ఫోటో వెళ్ళిపోయింది. కింది ఊరి మ్యూజియంవాళ్ళు దాన్ని గోడకి పెట్టారు గాని, రుజువు వాళ్ళకీ లేదు కనక, కింద వాళ్ళ ఊరి పేరు రాసుకోలేదు. ఒక మిల్లు ఊరు, చలికాలం అని మాత్రం రాశారు. లైబ్రేరియనమ్మ కూడా రిటైరయిపోయింది. మా మిల్లు బొమ్మ మాకింకా దొరకలేదు. పెద్దమ్మ పేరు మాత్రం ఉంది, ప్రొఫెసర్ల తరవాత పేజీలో, అన్ని ఇంగ్లీషు పేర్ల మధ్య గుండ్రటి తెలుగులో. ఆ పేరు నేనిక్కడ రాయను. అది ఆవిడ తన చేత్తో రాసుకున్నది, అక్కడే చదవాలి. శనివారాలు పదింటి నుంచి రెండింటి దాకా గది తెరిచే ఉంటుంది. రండి, నేనే తీసి చూపిస్తాను.